నాకేం వద్దు అనే పిశాచి

లైబ్రరీ కౌంటరు నుంచి,
జూన్ 6

ప్రియమైన వదినకి,

నువ్వు పంపిన ఐదు కాపీలూ చేరాయి. అట్ట మీద బురుజు, బురుజు మీద చందమామ, చందమామ మీద రక్తం బొట్టు. బొమ్మ వేసినాయన ఏదీ వదల్లేదు. "బురుజు మీది మేనత్త" అన్న అక్షరాల కింద నీ పేరు చూసి కళ్లు చెమర్చాయంటే నమ్ము. ముప్ఫై ఏళ్లుగా ల్యాబులో జనం రక్తం తీస్తున్నదానివి, రక్తపిశాచి నవల నువ్వు కాక ఇంకెవరు రాస్తారులే!

ఒక్క రోజులో చదివేశాను. మూడు వందల ఏళ్లుగా కోటలో ఉంటున్నా మేనత్తని ఎవరూ అనుమానించకపోవడం భలేగా ఉంది. ప్రతి రాజూ ఆవిడ తన తండ్రికి మేనత్త అనుకుని ఊరుకుంటాడు! చుట్టాల ఇళ్లలో అచ్చం ఇంతే కదా.

మా లైబ్రరీ పద్ధతి నీకు తెలుసుగా. ప్రతి పుస్తకం వెనకా గీతల కాగితాలు నాలుగు కుట్టిస్తాను. చదివినవాళ్లు అందులో అభిప్రాయం రాయాలి. నేనేం బలవంతం చెయ్యను. "మీకు తోస్తేనే రాయండి, నాకేం వద్దు" అని రిజిస్టరు మూసేసి తాళంచెవి చేతిలో పట్టుకు కూర్చుంటాను. అందరూ రాస్తారు. మొదటి వారం వచ్చినవి ఉన్నవి ఉన్నట్టు పంపిస్తున్నాను, తీపి చేసి చెప్పడం నాకు చేతకాదు.

హిస్టరీ మాస్టారు: "మూడు వందల ఏళ్ల కిందట చనిపోయిన స్త్రీ బురుజు మెట్లు దిగి రావడం బాగుంది. కానీ ఆమె అంగీకి బొత్తాములున్నట్టు రాశారు. ఆ కాలంలో అంగీలకు ముడులే గాని బొత్తాములెక్కడివి? రచయిత్రికి చరిత్రంటే ఇంత అలుసా?"

పళ్ల డాక్టరు: "కోరపళ్లు ఆ వాలులో ఉంటే ముందు తన కింది పెదవే చీరుకుంటుంది. రచయిత్రి వీలు చూసుకుని ఒకసారి నా దగ్గరికి రావాలి."

బస్సు కండక్టరు: "నా కాపీలో ముప్ఫై పేజీలు తలకిందులుగా కుట్టారు. అవే బాగున్నాయి."

పోస్టుమాస్టరు: "పర్వాలేదు." ఆయన పదకొండేళ్లుగా అన్ని పుస్తకాలకీ ఇదే రాస్తున్నాడు. నిఘంటువు తీసుకెళ్లినా ఇదే రాశాడు.

ఇంకో సంగతి. ఈ బిల్డింగు అమ్మేశారు. డిసెంబరు ఆఖరుకి పడగొడతారట. లైబ్రరీతో పాటు వెనక నేనుండే గదీ పోతుంది. నాకేం వద్దు వదినా, ఈ యాభై ఒకటో ఏట నాకేం కావాలి చెప్పు? మీ మేడ మీద గది ఎలాగూ ఖాళీగానే ఉంటుంది కదా అని ఊరికే అన్నానంతే. నువ్వు రమ్మంటేనే వస్తాను.

నీ ఆడపడుచు,
చిట్టి

*

మేడ మీద గది నుంచి,
జూన్ 15

చిట్టీ,

బొత్తాములా! చచ్చిన మనిషి మెట్లు దిగుతుంటే రాని అనుమానం బొత్తాముల దగ్గర వచ్చిందా మీ మాస్టారికి? పీనుగ నడిస్తే పర్లేదు గాని పద్ధతిగా ముస్తాబై నడవాలన్నమాట. పళ్ల డాక్టరుకి నా నమస్కారాలు చెప్పు. కండక్టరుకి నా తరఫున ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

ల్యాబులో నా పరిస్థితి ఇంకా అన్యాయం. నవల సంగతి తెలిసినప్పట్నుంచీ మా డాక్టరుగారు నేను సూది పట్టుకుంటే చాలు, "ఇంకాస్త ఎక్కువ తీసుకోండి, ఇంటికి పట్టుకెళ్లొచ్చు" అంటాడు. రోజుకి ఎనభై మంది చెయ్యి చాచి కూర్చుంటారు, ఎనభై మంది ముందూ అదే జోకు. నవ్వకపోతే ఉద్యోగం మీద గౌరవం లేదంటాడు.

గది ఖాళీగా ఉందని ఎవరన్నారు? వెలుతురొచ్చే కిటికీ ఉంది, బల్ల ఉంది, కుర్చీ ఉంది, కుర్చీలో నేనున్నాను. అద్దెకున్నవాళ్లు వెళ్లిపోయాక, ఇన్నేళ్ల కాపురంలో తలుపేసుకోడానికి నాకంటూ దొరికిన మొదటి గది ఇది. ఆ నవల రాసింది ఇక్కడే, రెండో భాగం మొదలుపెట్టిందీ ఇక్కడే. అయినా డిసెంబరుకి ఇంకా చాలా టైముంది. చూద్దాంలే.

మీ అన్నయ్య కులాసా. నీ ఉత్తరం గురించి అడిగితే పేపరు అడ్డం పెట్టుకున్నారు.

వదిన

*

లైబ్రరీ కౌంటరు నుంచి,
జులై 19

ప్రియమైన వదినకి,

నీ పుస్తకం అరలో కాలు నిలవడం లేదు! ఐదు కాపీలూ బయటే తిరుగుతున్నాయి. ఇద్దరు పాఠకులు కౌంటరు దగ్గర ఒకే కాపీ రెండు చివర్లూ పట్టుకుని లాక్కున్నారు. నువ్వింకో పది పంపుతానంటే నేను కాదనను, నాకోసం మాత్రం వద్దు, పాఠకుల కోసం.

అయితే ఈ నెల వచ్చిన అభిప్రాయాలు వింతగా ఉన్నాయి.

గడియారాలు బాగుచేసే ఆయన: "ఈ మేనత్త నాకు బాగా తెలిసినావిడే. వారానికి రెండుసార్లు చూస్తుంటాను. పేరు రాయను. నాకింకా పుస్తకాలు కావాలి."

టైలరు: "'నాకేం వద్దమ్మా, మీరు కానివ్వండి' అంటూనే యువరాణి రక్తం ఆఖరి బొట్టు దాకా తాగిన ఘట్టం చదివి, మా ఆవిడా నేనూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నోళ్లు మూసుకున్నాం. రచయిత్రి మా ఊరు ఎప్పుడొచ్చారు?"

బడిలో చిన్నపిల్లల టీచరమ్మ: "మేనత్త చెడ్డది కాదు. విందులో ఎవరూ కూర్చోమనకపోతే మూడు గంటలు నిలబడే ఉంటుంది. ఆ పేజీ చదివి ఏడ్చాను."

పేరు రాయని పాఠకుడొకరు: "కొరికే ముందు 'పొద్దున్నుంచీ ఏమైనా తిన్నారా?' అని అడిగి, కొరికాక దూది పెట్టి రెండు నిమిషాలు గట్టిగా పట్టుకోమనే పిశాచిని నేనెక్కడా చూడలేదు."

పోస్టుమాస్టరు: "పర్వాలేదు." రెండోసారి తీసుకెళ్లి మళ్లీ ఇదే రాశాడు.

మేనత్త ఎవరో అందరికీ తెలిసినట్టు నవ్వుకుంటున్నారు గాని నోరు విప్పరు. నాకు తెలుసులే! మీ అక్కయ్యే కదూ? ఆ తల పక్కకి వంచడం, ఏదీ వద్దంటూనే అన్నీ లాగేసుకోవడం... అబ్బ, అచ్చుగుద్దినట్టు దించేశావు. ఇంత జిడ్డు మనిషిని పక్కన పెట్టుకుని నువ్వెలా పెరిగావో పాపం. నేనెవరికీ చెప్పను. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆవిడే బయటపడుతుంది, చూస్తూ ఉండు.

కిందటిసారి మీ ఇంటికొచ్చినప్పుడు నాకేం వద్దన్నా వినకుండా నీ కొత్త గొడుగు చేతిలో పెట్టావు గుర్తుందా? వాన పడ్డప్పుడల్లా నిన్నే తలుచుకుంటున్నాను.

గది సంగతి నువ్వేం రాయలేదు. తొందరేం లేదు. ఊరికే గుర్తు చేశానంతే.

చిట్టి

*

మేడ మీద గది నుంచి,
జులై 28

చిట్టీ,

అక్కయ్య అనుకుంటే అనుకో. నేను అవుననీ అనను, కాదనీ అనను. కల్పన అన్నాక అక్కడో ముక్క ఇక్కడో ముక్క కలుస్తాయి.

ఒక మాట చెబుతాను, ఏమనుకోకు. ఆ పుస్తకం కొన్నాళ్లు అరలో నుంచి తీసెయ్యి. అచ్చుతప్పులు చాలా ఉన్నాయి, బొత్తాములు కూడా సరిచెయ్యాలి. వెనక కుట్టిన కాగితాలు ఎలాగూ నిండిపోయి ఉంటాయి, కొత్తవి కుట్టకు.

గది కప్పు కారుతోంది. మనిషి ఉండేట్టు లేదు. గొడుగు గురించి రాశావు, ఇక్కడా వానలే.

వదిన

*

లైబ్రరీ కౌంటరు నుంచి,
సెప్టెంబరు 9

ప్రియమైన వదినకి,

పుస్తకం తీసెయ్యమంటావేంటి? నీకు మొదట్నుంచీ ఇంతే, నీ గొప్ప నీకు తెలీదు. కొత్త కాగితాలు కుట్టించాను, అవీ నిండాయి.

అసలు కబురు విను. లైబ్రరీ మూసేలోపు ఒక మంచి పని చేద్దామని ఇరవయ్యో తారీకు ఆదివారం సాయంత్రం నీ నవల మీద పాఠకుల సమావేశం పెడుతున్నాను. హిస్టరీ మాస్టారు అధ్యక్షుడు. పళ్ల డాక్టరు ఏదో దవడ బొమ్మ తెచ్చి చూపిస్తాడట. యువరాణి ఘట్టం ఉన్న ఏడో అధ్యాయం ఎవరైనా పైకి చదివితే బాగుంటుందంటే, మేనత్త మాటలు నేనే చదవాలని అందరూ ఒక్క గొంతుతో పట్టుబట్టారు! "మీరు చదివితే ఆ కళే వేరు మేడమ్" అని టైలరు చేతులు జోడించాడు. నాకెందుకయ్యా, నాకేం వద్దు అన్నాను గాని వాళ్లు ఊరుకుంటేనా. అద్దం ముందు నిలబడి రోజూ చదువుతున్నాను. ఆశ్చర్యంగా ఆ మాటలన్నీ నోట్లో వాటంతటవే వచ్చేస్తున్నాయి. అదే మంచి రచయిత్రి లక్షణం.

కప్పు కారుతోందంటే మనసు చివుక్కుమంది. నా కోసం బాగుచేయించొద్దు. కారని మూలలో మంచం వేసుకుని, కారే చోట బకెట్టు పెట్టుకుంటాను. నీ బల్లని కింద గదిలోకి దింపితే సరిపోతుంది.

చిట్టి

*

ల్యాబు నుంచి,
సెప్టెంబరు 14

చిట్టీ,

ఏడో అధ్యాయం చదవకు. వేరేవాళ్ల చేత చదివించు, లేకపోతే సమావేశమే మానెయ్యి. కారణం తర్వాత రాస్తాను. చేతులు కడుక్కునే టైము కూడా లేక రక్తం గొట్టాల పక్కనే కూర్చుని రాస్తున్నాను. నీకు దండం పెడతాను, చదవకు.

వదిన

*

లైబ్రరీ వెనక గది నుంచి,
సెప్టెంబరు 23

గౌరవనీయులైన రచయిత్రిగారికి,

మీ ఉత్తరం సోమవారం చేరింది. సమావేశం ఆదివారం అయిపోయింది.

నలభై కుర్చీలు వేశాం, అరవై మంది వచ్చారు. మాస్టారు బొత్తాముల మీద ముప్పావుగంట మాట్లాడారు. డాక్టరు దవడ తెరిచి మూసి చూపించారు. తర్వాత నేను లేచాను. "నాకేం వద్దమ్మా" అని మొదటి మాట అనగానే ఎవరో కిసుక్కుమన్నారు. బాగా చదువుతున్నాననుకుని ఇంకా లీనమై చదివాను. తల పక్కకి వంచుతుందని పుస్తకంలో ఉంటే వంచాను. హాలు హాలంతా పొట్టలు పట్టుకుంది. టైలరు కళ్లు తుడుచుకుంటూ "అమ్మా, మీరు చదవక్కర్లేదు, ఊరికే నిలబడితే చాలు" అన్నాడు.

ఎందుకు నవ్వుతున్నారని అడిగాను. చివరికి పోస్టుమాస్టరు లేచాడు. పదకొండేళ్లలో ఆయన నోట రెండో మాట వినడం అదే మొదలు. "మేడమ్, మేనత్త మీరే కదా. మీకు తెలిసే సరదాకి చదువుతున్నారనుకున్నాం" అన్నాడు. మంచివాడు, అన్నాక కూర్చోలేకపోయాడు, అలాగే తల దించుకుని నిలబడ్డాడు.

ఆ రోజు పుస్తకం మళ్లీ చదివాను, ఈసారి నన్ను నేను వెతుక్కుంటూ. వెతకక్కర్లేకుండా ప్రతి పేజీలోనూ ఉన్నాను. గొడుగు కూడా ఉంది, దాన్ని శాలువా చేశారు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. పద్నాలుగో ఏట అడగడానికి నాకు అమ్మ లేకుండా పోయింది. ఒక చేతిసంచీతో అన్నయ్య వెనకాల మీ ఇంటికొచ్చాను. మీకప్పటికి పెళ్లయి నాలుగు నెలలు, ఉన్నవి రెండు గదులు. మొదటిరోజే గోడ అవతల మీరు అన్నయ్యతో అన్న మాట విన్నాను. "ఎన్నాళ్లుంటుంది?" అన్నారు. తప్పేం లేదు, మీరూ అప్పటికి చిన్నవాళ్లే. కానీ ఆ పూట నుంచీ నోరు తెరిచి ఏదీ అడగలేదు. ఏమీ అక్కర్లేని మనిషిని ఎవరూ వెళ్లగొట్టరనుకున్నాను. మీకది రక్తం తాగినట్టు అనిపించిందని నాకెలా తెలుస్తుంది?

నవ్వినవాళ్ల మీద నాకు కోపం లేదు. మేనత్త మీ అక్కయ్యేనా అని నేనడిగితే, చూస్తూ చూస్తూ నన్ను నమ్మనిచ్చారే, అది మింగుడుపడటం లేదు.

మీ గదికి నేను రాను. మీరు మేస్త్రీని పిలవనక్కర్లేదు. కప్పు కారడం లేదని అన్నయ్య ఫోనులో చెప్పాడు.

ఇట్లు,
లైబ్రేరియన్

*

మేడ మీద గది నుంచి,
అక్టోబరు 2

చిట్టీ,

నన్ను "మీరు" అన్నావు. చెప్పుతో కొట్టినా బాగుండేది.

గది కారుతోందన్నది అబద్ధం. అక్కయ్య అన్నది అబద్ధం. నేను పిరికిదాన్ని. ముప్ఫై ఏళ్లుగా ఎదటివాళ్ల నరం వెతికి సూది గుచ్చుతున్నాను గాని, నా ఆడపడుచుకి మొహం మీద ఒక్క మాట చెప్పలేకపోయాను. అక్కయ్యకి నిజంగానే ఒక కాపీ ఇచ్చాను. చదివి "అచ్చం మన మూడో పిన్నే" అంది. మూడో పిన్ని చదివి వాళ్ల అత్తగారని చెప్పుకుని ఏడ్చిందట. నా నవల చదివి ఎవరూ తమను గుర్తుపట్టరన్న ధైర్యంతోనే నీకు పంపాను. పంపకుండా ఉంటే నీకు అనుమానం వస్తుందని కూడా భయపడ్డాను. ఇంత తెలివి ఉన్నదాన్ని ల్యాబులో ఎందుకున్నానో!

"ఎన్నాళ్లుంటుంది?" అన్నాను. అన్నట్టు గుర్తుంది. నువ్వు విన్నావని ముప్ఫై ఏడేళ్లకి తెలిసింది. క్షమించమని అడుగుతున్నాను, ఊరికే మర్యాదకి కాదు.

కానీ నా మాట కూడా విను. నువ్వు వద్దన్న ప్రతిసారీ నేను బతిమాలి పెట్టాల్సొచ్చేది. పెట్టాక, మనసులో ఏడ్చుకున్నందుకు నన్ను నేనే తిట్టుకునేదాన్ని. నువ్వు ఒక్కసారి అడిగి ఉంటే, ఒక్కసారైనా కాదనే అవకాశం నాకుండేది. అడగనిదాన్ని కాదనడం ఎలాగే? నా దగ్గర నుంచి ఏమేం పోయాయో నాకు గుర్తు లేదు చిట్టీ, కాదనలేకపోయిన ఆ ఉక్రోషమే మిగిలింది. అదే మూడు వందల పేజీలు రాయించింది. అందులో నీ వేషాలన్నీ పెట్టాను, నీ భయం మాత్రం పెట్టలేదు. నాకు తెలిస్తే కదా. టీచరమ్మకి తెలిసింది, నాకు తెలియలేదు.

రెండో భాగంలో మేనత్తని ఎలా చంపాలో రాసుకున్న పేజీలు పక్కన పెట్టాను. పబ్లిషరు చంపాల్సిందే అంటున్నాడు, ఆయన సంగతి నేను చూసుకుంటాను.

నీకేం కావాలో రాయి. ఒక్క వాక్యం చాలు. "ఊరికే అన్నాను" అని మాత్రం రాయకు, చచ్చినంత ఒట్టు.

వదిన

*

లైబ్రరీ కౌంటరు నుంచి,
అక్టోబరు 21

వదినా,

నాలుగు కాగితాలు చింపాను. ప్రతి దాంట్లోనూ చివరికొచ్చేసరికి ఆ పాడు మాటే వచ్చి కూర్చుంటోంది. వేళ్లకి అలవాటైపోయింది.

ఇదిగో రాస్తున్నాను. నాకు మీ మేడ మీద గది కావాలి. నీతో పాటు పంచుకోవడం కాదు, నాకే కావాలి. వెలుతురొచ్చే కిటికీ ఉందన్నావు, ఆ కిటికీ పక్కన మంచం కావాలి. ఇక్కడ నా గదికి కిటికీయే లేదు, ఎప్పుడూ చెప్పలేదు. పొద్దున్న మొదటి కప్పు టీ వేడిగా నాకు కావాలి, అందరూ తాగాక మిగిలింది కాదు. నువ్వేదైనా రాస్తే అచ్చుకి ముందు నాకు చూపించాలి.

అమ్మో, ఇంత రాశాక చెమటలు పోస్తున్నాయి. ఇది పోస్టులో వెయ్యడానికి రెండుసార్లు వెళ్లి వెనక్కొచ్చాను. మూడోసారి పోస్టుమాస్టరే చేతిలోంచి లాక్కుంటానన్నాడు.

నా రూలు నాకూ వర్తిస్తుంది కనక నీ నవల వెనక నా అభిప్రాయం కూడా రాసి సంతకం పెట్టాను. "మేనత్త తనకేం కావాలో నోరు తెరిచి అడిగి ఉంటే ఈ నవల ఆరో పేజీలో అయిపోయేది." కింద హిస్టరీ మాస్టారు "ఏకీభవిస్తున్నాను, బొత్తాముల విషయం అలాగే ఉంది" అని రాశారు.

భయంగా ఉంది వదినా. త్వరగా రాయి.

చిట్టి

*

మేడ మీద గది నుంచి,
అక్టోబరు 27

చిట్టీ,

గది ఇవ్వను.

ఈ రెండు మాటలు రాసి, పైకి రెండుసార్లు చదువుకున్నాను. నీకు చెప్పడం ఇంత తేలికని తెలిస్తే ముప్ఫై ఏళ్ల కిందటే చెప్పేదాన్ని, మనిద్దరికీ హాయిగా ఉండేది. ఈ గది నాది. బల్లా నాదే. కిటికీ కూడా.

కింద వీధివైపు గదిలో మీ అన్నయ్య ముప్ఫై ఏళ్ల పాత పేపర్లు పేర్చిపెట్టుకున్నారు. వాటిని నిన్న తూకానికి వేశాను. ఆయన కాసేపు అలిగి, ఈ పొద్దున్న సున్నం డబ్బా పట్టుకొచ్చారు. ఆ గదికి ఒక్క కిటికీ కాదు, రెండున్నాయి. ఒకటి సరిగా మూసుకోదు, చలికాలం తిట్టుకుంటావు. మంచం ఏ కిటికీ పక్కన వెయ్యాలో నువ్వే వచ్చి చెప్పు.

మొదటి కప్పు టీ ఇస్తాను, వారానికి మూడు రోజులు. మిగతా రోజులు నాది. రాసింది నీకు చూపిస్తాను గాని నీ అభిప్రాయం కాగితం మీద రాసి ఇవ్వాలి, ఎదురుగా నిలబడి చెప్పకూడదు.

నవంబరు మొదటివారంలో మీ అన్నయ్య బండి మాట్లాడుకుని వస్తారు. నీ పెట్టెలెన్నో, మంచం తెస్తావో లేదో ఆయనకి ఫోను చేసి చెప్పు. గది ఇవ్వనన్నానని నీకు కోపం వచ్చే ఉంటుంది, రావాలి కూడా. ఆ కోపం దారిలో చల్లార్చుకోకు. అలాగే రా, ఇంటికొచ్చాక పోట్లాడుకుందాం.

వదిన